దిండు తీసెయ్యమ్మా!

కాలిన పుండు మానింది కదా అని ఇంటికి వచ్చేస్తాం. చర్మం ముడుచుకోవడం అక్కడి నుంచే ఊపందుకుంటుంది. మెడ గుండెలకు అంటుకుపోతుంది, వేళ్లు అరచేతిలోకి మడుచుకుపోతాయి. దీన్ని చాలావరకు ఆపవచ్చు. ఆపలేకపోయినా, ఎన్నేళ్ల తర్వాతైనా ఆపరేషన్‌తో విప్పవచ్చు. ఈ రెండు మాటలూ తెలియక ఎన్నో జీవితాలు తలదించుకుని బతుకుతున్నాయి.

ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్ నుంచి ధమ్తరి వెళ్లే జాతీయ రహదారి మీద, ముప్పై కిలోమీటర్ల లోపే అభన్‌పూర్ వస్తుంది. ఒకప్పుడు చిన్న గేజి రైలు ఇక్కడ రెండు దారులు పట్టేది. ఒకటి ధమ్తరికి, రెండోది మహానది ఒడ్డున ఉన్న రాజిమ్‌కి. ఊరి చుట్టూ వరి పొలాలు. కోతలు ముగిసి ధాన్యం ఇల్లు చేరేసరికి చలి కూడా దిగుతుంది. అప్పుడు ఇళ్లలో గోర్సీ వెలుగుతుంది.

గోర్సీ అంటే మట్టి కుంపటి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో చలికాలమంతా దానికి విశ్రాంతి ఉండదు. పిడకలు, ఊక, కట్టె బొగ్గు వేసి రాజేస్తారు. ముసలివాళ్లు దాని చుట్టూ చేరి చేతులు కాచుకుంటారు. బాలింత గదిలో తల్లికీ బిడ్డకీ కాపడం దానితోనే. మన మన్యంలోనూ, ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ బాలింత మంచం పక్కన కుంపటి పెట్టడం ఎరగని ఇల్లు ఉండదు. అది ఆ ఇంటివాళ్ల ప్రేమ. బిడ్డకు చలి తగలకూడదన్న ఆరాటం.

ఆ బిడ్డే కొన్ని నెలలకు పాకడం నేర్చుకుంటుంది. ఎర్రగా మెరిసేది ఏది కనబడినా దాని మీద అరచెయ్యి వేస్తుంది. మనకైతే కాలీకాలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఏడాది నిండని బిడ్డకు ఆ చురుకు ఇంకా రాదు. అదిరిపోయి పిడికిలి బిగిస్తుంది. పెద్దవాళ్లు పరుగున వచ్చి ఎత్తుకునేలోపు అరచెయ్యీ, వేళ్ల లోపలి భాగమూ కాలిపోతాయి. కట్లు కడతారు. నెల తిరిగేసరికి పుండు మానుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత రోజుకింత చొప్పున, ఎవరి కంటా పడకుండా, ఆ వేళ్లు అరచేతి వైపు వంగడం మొదలుపెడతాయి. పలక పట్టే వయసు వచ్చేసరికి చెయ్యి మూసిన మొగ్గలా ఉండిపోతుంది.

దీన్నే వైద్యులు పోస్ట్ బర్న్ కాంట్రాక్చర్ అంటారు. మన ఇళ్లలో ‘పట్టేసింది’, ‘అతుక్కుపోయింది’, ‘ముడుచుకుపోయింది’ అంటాం. మన ప్రతి ఊళ్లోనూ ఇలాంటి మనిషి ఒకరుంటారు. ఎండాకాలంలోనూ మెడ చుట్టూ కొంగు బిగించి కప్పుకునే ఆమె, చంక తెరుచుకోక గూట్లో డబ్బా అందుకోలేని ఆమె, ఎడమ చేతిని ఎప్పుడూ లుంగీ మడతలో దాచుకునే ఆయన. ‘చిన్నప్పుడు కాలిందట’ అని ఒక్క మాట అనుకుని మనం ముందుకు వెళ్లిపోతాం. ఆ మనిషికి వైద్యం ఇంకా మిగిలే ఉందన్న ఆలోచన మనకూ రాదు, వాళ్లకూ రాదు.

మానడమే ముడుచుకోవడం

చర్మం పైపొర మాత్రమే కాలితే, రెండు మూడు వారాల్లోపు మచ్చ పెద్దగా మిగలకుండానే మానిపోతుంది. లోతుగా కాలినప్పుడే చిక్కు. మూడు వారాలు దాటినా మానని గాయం గట్టి మచ్చ కడుతుందని కాలిన గాయాల వార్డులో పనిచేసే ప్రతి వైద్యుడికీ తెలుసు. కొత్త చర్మం పుట్టించే మూలాలు లోపలే కాలిపోయాక, శరీరానికి మిగిలే దారి ఒక్కటే: గాయం అంచులను దగ్గరకు లాగి మూసేయడం.

ఆ లాగే పని చేసే కణాలను 1971లో శాస్త్రవేత్త గాబియానీ బృందం గుర్తించింది. వాటి పేరు మయోఫైబ్రోబ్లాస్ట్‌లు. సగం చర్మ కణం, సగం కండర కణం. తాడు పేనినట్టు కణజాలాన్ని పట్టి లాగుతూనే ఉంటాయి. పుండు మూసుకున్నాక కూడా వాటి పని ఆగదు. ఆరు నెలలు, ఏడాది, ఒక్కోసారి రెండేళ్ల దాకా మచ్చ ఎర్రగా, ఉబ్బుగా, దురద పెడుతూ ఉంటుంది. అది ఎర్రగా ఉన్నంతకాలం లోపల లాగుడు సాగుతున్నట్టే. రంగు తగ్గి, మెత్తబడి, చదునుగా మారితేనే మచ్చ పండినట్టు.

గాయం వీపు నడుమ ఉంటే ఈ లాగుడు వల్ల పెద్ద నష్టం లేదు. మడత పడే చోట ఉంటేనే అసలు ముప్పు. మెడ, చంక, మోచేయి, మణికట్టు, వేళ్లు, గజ్జ, మోకాలి వెనుక. కింది కనురెప్ప కాలితే రెప్ప బయటికి తిరిగిపోయి, నిద్రలోనూ కన్ను మూతపడదు, నల్లగుడ్డు ఎండిపోతుంది. నోటి చుట్టూ కాలితే నోరు చిన్నదైపోయి ముద్ద పట్టదు. ఆడపిల్లకు చిన్నతనంలో ఛాతీ కాలితే, ఎదిగే వయసులో ఆ గట్టి చర్మం కింద రొమ్ము ఎదగలేక నలిగిపోతుంది.

హాయిగా ఉండే భంగిమే అపాయం

కాలిన గాయాల వైద్యంలో తరతరాలుగా నేర్పే సూత్రం ఒకటుంది: రోగికి ఏ భంగిమ హాయిగా ఉంటుందో, చర్మం ముడుచుకుపోయేది ఆ భంగిమలోనే.

మెడ ముందువైపు కాలిన పిల్లను చూడండి. తల వెనక్కి వాలిస్తే చర్మం సాగి మంట పుడుతుంది. గడ్డం గుండెలకు ఆనించుకుంటే ఉపశమనం. పక్కన కూర్చున్న తల్లికి అది తెలిసిపోతుంది. దిండు తెచ్చి తల కింద పెడుతుంది. ఒకటి చాలకపోతే ఇంకోటి. బిడ్డ ఏడుపు ఆగుతుంది. తల్లి కళ్లు తుడుచుకుంటుంది. సరిగ్గా ఆ రాత్రుల్లోనే గడ్డానికీ ఛాతీకీ మధ్య ఉన్న చోటు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది.

మెడ కాలినవారికి దిండు ఉండకూడదు. తల కింద పెట్టే ఆ మెత్తని వస్తువును భుజాల కిందకు జరపాలి. దుప్పటిని చుట్టలా చుట్టి భుజాల కింద పెడితే తల కాస్త వెనక్కి వాలుతుంది, మెడ తెరుచుకుంటుంది. ఇంత చిన్న పని. దీనికి మందు లేదు, ఖర్చు లేదు. వార్డులో ‘దిండు తీసెయ్యమ్మా’ అని ఎవరో ఒకరు చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. కారణం చెప్పకపోతే ఏ తల్లీ ఏడుస్తున్న బిడ్డ తల కింద నుంచి దిండు తీయదు. తీయకపోవడం ఆమె తప్పూ కాదు.

మిగతా చోట్ల కూడా నియమం ఇదే. చంక కాలితే చేతిని ఒంటికి ఆనించకుండా పక్కకు చాపి, దిండు మీదో బల్ల మీదో ఉంచాలి. మోచేయి, మోకాలు చాపే ఉండాలి. పాదం నిటారుగా నిలబడినట్టు ఉండాలి, కిందకి వాలిపోకూడదు. అరచెయ్యి కాలితే వేళ్లు పూర్తిగా విప్పి పలక మీద పరిచినట్టు కట్టాలి. చేతి వెనుక భాగం కాలితే లెక్క వేరు. మణికట్టు కాస్త వెనక్కి, వేళ్ల మొదళ్లు వంచి, వేళ్లు మాత్రం నిటారుగా. ఇలా పట్టి ఉంచడానికి పీఓపీతోనో ప్లాస్టిక్ రేకుతోనో చేసే చట్రమే స్ప్లింట్.

పుండు మానాక ప్రెజర్ గార్మెంట్ వస్తుంది. ఒంటికి కొలిచి కుట్టిన బిగువైన తొడుగు. రోజుకు 23 గంటలు, ఏడాదికి తగ్గకుండా వేసుకోవాలి. స్నానానికి, నూనె మర్దనకు మాత్రమే తీయాలి. మన ఎండలకు అది నరకమే, నిజం. అందుకే చాలామంది నెల తిరక్కుండానే చిలక్కొయ్యకు తగిలించేస్తారు. ఇంట్లో ఒక్కరైనా వెంటపడి వేయించే మనిషి ఉంటే సగం గెలిచినట్టు.

కత్తి కింద ఏం జరుగుతుంది

ఇవేవీ జరగలేదు, లేదా చేసినా చాలలేదు. చర్మం పట్టేసింది. అప్పుడు ప్లాస్టిక్ సర్జన్ దగ్గరకు వెళ్లాలి. ప్లాస్టిక్ సర్జరీ అనగానే సినిమావాళ్ల ముక్కులూ పెదవులూ గుర్తుకొస్తాయి మనకు. ఈ వైద్యం అసలు పని ఇక్కడ ఉంది: అన్నం కలుపుకోలేని చేతికి అన్నం కలుపుకునే శక్తి ఇవ్వడం.

సన్నటి పట్టీలా పట్టేసిన చోట ‘జెడ్ ప్లాస్టీ’ చేస్తారు. పేరులో ఉన్నట్టే ఇంగ్లిష్ అక్షరం జెడ్ ఆకారంలో కోత పెడతారు. మధ్య గీత బిగుసుకున్న పట్టీ పొడవునా వస్తుంది. రెండు చివరలా 60 డిగ్రీల కోణంలో రెండు గీతలు. అలా ఏర్పడిన రెండు త్రికోణాలను లేపి, ఒకదాని చోట ఇంకోదాన్ని పెట్టి కుడతారు. అంతే, నిలువుగా లాగుతున్న పట్టీ అడ్డంగా తిరిగిపోతుంది, నిలువునా పొడవు వస్తుంది. లెక్క ప్రకారం ఆ కోణంలో పొడవు 75 శాతం పెరగాలి. అంటే 4 సెంటీమీటర్ల పట్టీ 7 సెంటీమీటర్లు కావాలి. మచ్చ చర్మం గట్టిగా ఉంటుంది కాబట్టి ఒంటి మీద అంత రాకపోవచ్చు. అయినా చంకలో, వేళ్ల సందుల్లో ఆ కొద్దిపాటి పొడవే తలుపు తెరుస్తుంది.

పట్టీ కాదు, పలకలా చోటంతా పట్టేస్తే చర్మం అరువు తేవాలి. చంక దగ్గర బిగుసుకున్న జాకెట్టుకు టైలర్ ఏం చేస్తాడు? కుట్టు విప్పి, తెరుచుకున్న చోట అదనపు గుడ్డ ముక్క వేస్తాడు. సర్జన్ చేసేదీ అదే. మచ్చను అడ్డంగా కోయగానే అంచులు రెండు వైపులా జారిపోతాయి. పైకి రెండు వేళ్ల వెడల్పు మచ్చ అనిపించిన చోట అరచేయంత ఖాళీ కనిపిస్తుంది. ఇన్నాళ్లూ మాయమైన చర్మం ఎంతో ఆ ఖాళీయే చెబుతుంది.

ఆ ఖాళీ నింపడానికి తొడ నుంచి పలచటి పొర తీస్తారు. మందం మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుందేమో. తీసిన చోట రెండు వారాల్లో మళ్లీ చర్మం వచ్చేస్తుంది. ఇదే స్కిన్ గ్రాఫ్ట్. ఖాళీ మీద పరిచి, అంచులు కుట్టి, కదలకుండా కట్టు కడతారు. మొదటి రెండు రోజులు ఆ పొరకు సొంత రక్తనాళాలు ఉండవు. కింద ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. తర్వాత కింద నుంచి సన్నటి రక్తనాళాలు పాకివస్తాయి. అయిదో రోజున కట్టు విప్పే వేళ గదిలో అందరూ ఒకటే చూస్తారు: పొర గులాబీ రంగులో ఉందా? గులాబీ రంగు ఉంటే అతుక్కున్నట్టు. కింద రక్తం గడ్డకట్టినా, పొర జారినా, చీము పట్టినా పోయినట్టే.

అరచేతికి పలచటి పొర చాలదు. అక్కడ పూర్తి మందం చర్మం కావాలి. దాన్ని ఎక్కువగా గజ్జ నుంచి తీస్తారు. గోర్సీలో కాలిన ఆ పసి చేతి వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి, తిరిగి ముడుచుకోకుండా సన్నటి ఉక్కు తీగలు లోపలికి గుచ్చి, మూడు వారాల దాకా చాపి ఉంచుతారు. కీలు, నరం బయటపడ్డ చోట ఉత్త పొర పనికిరాదు. కొవ్వూ రక్తనాళాలతో సహా పక్క నుంచి లేపి తెచ్చే చర్మం కావాలి. దాన్ని ఫ్లాప్ అంటారు.

మెడ ఆపరేషన్‌లో మొదటి పరీక్ష సర్జన్‌కు కాదు, మత్తు డాక్టరుకు. గడ్డం ఛాతీకి అంటుకున్న మనిషికి తల వెనక్కి రాదు, నోరు తెరుచుకోదు. శ్వాసగొట్టం వేసే దారి కనిపించదు. సన్నటి కెమెరా గొట్టంతో ముక్కులోంచి దారి వెతుకుతారు. లేదంటే మెడకు మాత్రమే మత్తు సూదులిచ్చి, పట్టీని కొంత కోసి తల వెనక్కి వంచాక గొట్టం వేస్తారు. అందుకే ఈ ఆపరేషన్ అనుభవం ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి.

ఎప్పుడు చేయించాలి? సాధారణంగా మచ్చ పండాక, అంటే ఏడాది తర్వాత. కన్ను మూతపడకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, పసివాడి చెయ్యి మూసుకుపోతున్నా అంతకాలం ఆగకూడదు. పిల్లల్లో ఇంకో సంగతి ఉంది. ఒళ్లు ఎదిగినంతగా మచ్చ ఎదగదు. ఒకసారి విప్పిన చెయ్యి కొన్నేళ్లకు మళ్లీ బిగుసుకోవచ్చు, మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు. ఇది ఓటమి కాదు, ఎదుగుదల. ఈ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

తేరిపార చూడని ఊరు

ఈ విద్యకు మన నేల మీద పాత వేళ్లున్నాయి. తెగిన ముక్కును పక్క చర్మంతో తిరిగి కట్టే పద్ధతిని సుశ్రుత సంహిత వివరించింది. ఆధునిక కాలంలో దేశంలో ప్లాస్టిక్ సర్జరీకి ప్రత్యేక విభాగం మొదలైంది రాయపూర్‌కు పొరుగూరు లాంటి నాగపూర్‌లోనే, 1958లో, డాక్టర్ సి. బాలకృష్ణన్ చేతుల మీదుగా.

కాలిన మనిషికి కత్తి వైద్యం ఒక్కటే చాలదని నేర్పింది మాత్రం ఇంగ్లండ్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లో కాలిపోయిన యువకులకు అక్కడ ఆర్చిబాల్డ్ మెకిండో శస్త్రచికిత్సలు చేశాడు. ముఖాలూ చేతులూ గుర్తుపట్టలేనంత కాలినవాళ్లు. ఆయన వాళ్లను వార్డులో దాచలేదు. ఊళ్లోకి వెళ్లమన్నాడు. ఊరివాళ్లను పిలిచి, వాళ్లను ఇళ్లకు ఆహ్వానించమన్నాడు. ఆ రోగులు 1941లో ‘గినీ పిగ్ క్లబ్’ పెట్టుకున్నారు. ఆ ఊరికి ‘తేరిపార చూడని ఊరు’ అన్న పేరు మిగిలింది.

మన ఊళ్లకు ఆ పేరు రావాలి. కాలిన ఆడపిల్ల విషయంలో మన చూపు మరీ కరుకు. ఎలా కాలిందని అడిగే గొంతులోనే తీర్పు ఉంటుంది. పెళ్లి, బడి, పని అన్నీ ఆ మచ్చ దగ్గర ఆగిపోతాయి. ‘ఇంకెవరు చూస్తారులే’ అని ఆమె వైద్యానికి డబ్బూ సమయమూ పెట్టడం మానేస్తారు. మెడ ముడుచుకున్న ఆమెకు కావలసింది అందం ఒక్కటే అన్నట్టు మాట్లాడతారు. ఆమెకు కావలసింది రోడ్డు దాటేటప్పుడు తల తిప్పి చూడగలగడం. నోరు మూసుకుని నీళ్లు మింగగలగడం.

ఎక్కడికి వెళ్లాలి, ఖర్చు ఎవరిది

కేంద్ర ఆరోగ్య శాఖ అంచనా ప్రకారం దేశంలో ఏటా దాదాపు 70 లక్షల మంది కాలిన గాయాల పాలవుతున్నారు. 1.4 లక్షల మంది చనిపోతున్నారు. 2.4 లక్షల మంది వైకల్యంతో మిగిలిపోతున్నారు. ఆ చివరి అంకెలోని మనుషుల్లో చాలామంది చేతులు, మెడలు విప్పదగినవే.

అభన్‌పూర్ లాంటి చోట సామాజిక ఆరోగ్య కేంద్రం కట్లు కట్టగలదు. ఈ ఆపరేషన్‌కు మాత్రం రాయపూర్ వెళ్లాలి. అక్కడ ఎయిమ్స్‌లోనూ, డి.కె.ఎస్. సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలోనూ కాలిన గాయాలకు, ప్లాస్టిక్ సర్జరీకి విభాగాలున్నాయి. రైల్వే పనులకీ కర్మాగారాలకీ వెళ్లి రాయపూర్, భిలాయ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు కూడా ఇవే దగ్గరి దిక్కు. దక్షిణ బస్తర్ వాసులు కొందరు ఎదురు దిశలో విశాఖ కేజీహెచ్‌కు వస్తారు. రోగం రాష్ట్ర సరిహద్దులు చూడదు.

ఖర్చు సంగతి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ జాబితాలో కాలిన తర్వాత ముడుచుకుపోయిన చర్మానికి చేసే ఆపరేషన్‌కు చోటు దొరికింది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్‌లోనూ ఇది ఉంది. ఈ ప్యాకేజీల్లో గమనించవలసింది ఒకటుంది. అవి ఆపరేషన్‌కు మాత్రమే కాదు, స్ప్లింట్లకు, ప్రెజర్ గార్మెంట్లకు, ఫిజియోథెరపీకి కూడా కలిపి ఇచ్చేవి. కాబట్టి డిశ్చార్జి కాగితం చేతికిచ్చే వేళ స్ప్లింట్ ఏదీ, తొడుగు ఏదీ, వ్యాయామం ఎవరు నేర్పుతారు అని అడగండి. బతిమాలనక్కర్లేదు, అది మీ హక్కు. యాసిడ్ దాడి బాధితులను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం విడిగా గుర్తించింది. మిగతావారు చెయ్యీ కాలూ కదలిక ఎంత తగ్గిందో దాన్నిబట్టి ధ్రువపత్రం అడగవచ్చు.

డబ్బు కట్టక్కర్లేకపోయినా ఖర్చు ఉంటుంది. ఆపరేషన్ రోజున ఇంటిల్లిపాదీ వెంట వెళ్తారు. తర్వాత నెలనెలా ఫిజియోథెరపీకి తీసుకెళ్లడానికి కూలి వదులుకోవాలి, బస్సు ఛార్జీలు పెట్టాలి. నాట్లు వస్తే ఒక నెల, కోతలు వస్తే ఇంకో నెల తప్పిపోతాయి. అరువు తెచ్చి వేసిన చర్మం కూడా ముడుచుకునే గుణం ఉన్నదే. మూడు నుంచి ఆరు నెలలు రాత్రిపూట స్ప్లింట్ కట్టకపోతే సర్జన్ విప్పింది తిరిగి మూసుకుంటుంది. ఆశ కార్యకర్తకో, బడి టీచరుకో ఈ విషయం తెలిసి, ‘స్ప్లింట్ కట్టావా తల్లీ’ అని వారానికోసారి అడిగితే అదే పెద్ద వైద్యం.

ఏళ్లనాటి మచ్చలున్నవారికి ఒక హెచ్చరిక. ఎప్పుడో మానిన కాలిన మచ్చ మీద మళ్లీ పుండు లేచి నెలలు గడిచినా మానకపోతే, తేలిగ్గా తీసుకోవద్దు. దశాబ్దాల తర్వాత అలాంటి మచ్చల్లో క్యాన్సర్ పుట్టవచ్చు. మార్జొలిన్ అల్సర్ అంటారు దాన్ని. చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి.

నిప్పుకి ఒక అరుగు

గోర్సీని ఆర్పేయమని ఎవరూ చెప్పలేరు. చలికి కాచుకోవాల్సిందే. దాన్ని నేల మీంచి లేపి, పాకే బిడ్డకు అందని అరుగు మీద పెట్టవచ్చు. చుట్టూ కడ్డీల బుట్ట బోర్లించవచ్చు. ఫిట్స్ వచ్చే మనిషిని పొయ్యి దగ్గర ఒంటరిగా కూర్చోనివ్వకుండా చూసుకోవచ్చు. గంజి వార్చే వేళ పసివాళ్లను ఇంకొకరికి అప్పగించవచ్చు. మిల్లుల వెనుక పోసిన ఊక బూడిద పైకి చల్లగా కనబడుతూ లోపల నిప్పు దాచుకుంటుందని పిల్లలకు చెప్పవచ్చు.

కాలితే ముందు నీళ్లు. పంపు కింద, ధారగా, 20 నిమిషాలు. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, సిరా వద్దు, కోడిగుడ్డు సొన వద్దు. ఆ నీళ్లే గాయం లోతు తగ్గిస్తాయి. లోతు తగ్గితే మూడు వారాల లోపు మానుతుంది, అలా మానితే ఇక్కడ చెప్పుకున్న ఆపరేషన్లు చాలావరకు అవసరపడవు.

అప్పటికీ లోతుగా కాలితే, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి రాత్రిని గుర్తుపెట్టుకోండి. బిడ్డ మంచం మీద ఉంటుంది. మెడ మండుతుంటుంది. దిండు కావాలని ఏడుస్తుంది. పక్కన పెద్దవాళ్లు ‘పెట్టమ్మా, పాపం’ అంటారు. అప్పుడు ఆ తల్లి దుప్పటి చుట్ట చుట్టి బిడ్డ భుజాల కిందకు తోయాలి. తల మెల్లగా వెనక్కి వాల్చి, తెల్లవార్లూ జుట్టు నిమురుతూ పక్కన కూర్చోవాలి. రేపు ఆ పిల్ల బడి ఆవరణలో నిలబడి, తలెత్తి జెండా వైపు చూస్తుంది.